గూటి వెనక మనిషి

మా బాబాయిని అందరూ గడ్డికోళ్ళాయన అంటారు. ఆయనకా పేరు నచ్చదు. "కోళ్ళు తినే గడ్డిని తెచ్చి నా నోటికి తగిలించారు" అంటాడు. నచ్చకపోయినా పేరు మాత్రం పోలేదు. చుట్టుపక్కల పచ్చిక మీద కోళ్ళను పెంచి మాంసానికి ఇచ్చే మనిషి ఆయనొక్కడే మరి.

ఆ మాంసం అమ్మేదాన్ని నేను. బుధవారం, శనివారం తెల్లారేసరికి మా కొట్టు ముందు పెట్టెలు దిగుతాయి, మధ్యాహ్నానికి ఖాళీ అవుతాయి. నాకు నలభై దాటినా కొనేవాళ్ళకు కొట్టు అమ్మాయినే. పిన్ని మా అమ్మకు తోడబుట్టిన చెల్లెలు. కాబట్టి పిన్నీ బాబాయీ ఎడమొహం పెడమొహం అయినప్పుడు నేనెవరి పక్షమూ పట్టలేదంటే అది అబద్ధం. పూటకొకరి పక్షం పట్టాను. అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడండి, ఆ చెక్క కనీసం రెండు వైపుల మధ్యా మెట్లెక్కి దిగనక్కర్లేదు.

బాబాయి మొదటినుంచీ పచ్చిక మనిషి కాదు. ఇరవై రెండేళ్ళు కోళ్ళ షెడ్లలో సూపర్‌వైజరుగా పనిచేశాడు. ఒక్కో షెడ్డూ రైలంత పొడుగు. పగలూ రాత్రీ లైట్లు, పగలూ రాత్రీ ఫ్యాన్లు. నేలంతా ఊక. ఆ ఊకలోంచి లేచే ఘాటుకు పనిలో కొత్తగా చేరినవాళ్ళ కళ్ళు నీళ్ళు కారేవట. "నెల తిరిగేసరికి కారవు. అప్పుడు భయపడాలి" అనేవాడు. అక్కడి కోళ్ళకు రొమ్ము కండ తొందరగా పెరిగేది, దాన్ని మోసే బలం కాళ్ళకు వచ్చేది కాదు. నీళ్ళ దాకా నాలుగడుగులు వెయ్యలేక మధ్యలో కూలబడే కోళ్ళను ఏరి పక్కన పెట్టడం ఆయన ఉద్యోగంలో భాగం.

పిన్ని ఆయన వచ్చే వేళకు గుమ్మం బయట బకెట్టు నీళ్ళు, తువ్వాలు, వేరే బట్టలు పెట్టేది. షెడ్డు బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతికేది కాదు. ఇంట్లో కోడి వండేది కాదు. ఆ మాట మీద వాళ్ళిద్దరూ ఎప్పుడూ వాదించుకోలేదు. ఆయన తినమనలేదు, ఆమె ఎందుకు వండట్లేదో చెప్పలేదు.

ఒకరోజు పక్కన పెట్టిన కోళ్ళలో రెంటిని బాబాయి అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. పెరట్లో గడ్డి మీద వదిలాడు. ఒకటి మూడో రోజున పోయింది. రెండోది వారమంతా పొట్ట మీదే పడుకుని, అందినంత గడ్డి పొడుచుకు తిని, పన్నెండో రోజున ఒక మిడత వెంట పరిగెత్తింది. కోడి పరిగెత్తడం చూసి బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ఇరవై రెండేళ్ళు కోళ్ళ మధ్యనే బతికాను, కోడి పరిగెత్తడం చూడలేదు అన్నాడట పిన్నితో. ఆ మర్నాడు ఆయన పనికి వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేదు.

మంచినీళ్ళ పంపుహౌసు వెనక నాలుగెకరాల గడ్డినేల ఉంది. కొంచెం వాలు, వాన నీళ్ళు నిలవవు. అది కౌలుకు తీసుకున్నారు. అంచున ఒక రెండు గదుల ఇల్లు, దాని పక్కన పిల్లల గది. పిల్లల గదంటే కోడిపిల్లల గది. మనిషి పిల్లలు వాళ్ళకు లేరు. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే వాళ్ళూ అలాగే వదిలేశారు.

ఆ గదిలో మూడు వారాలు బల్బు వెచ్చదనంలో పెరిగాక పిల్లల్ని పచ్చిక మీద గూటిలోకి మారుస్తారు. గూడంటే చెక్క చట్రం, చుట్టూ వల, సగం మీద రేకు. నడుమెత్తు కూడా ఉండదు. పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు. దానికి అడుగు లేదు. కిందంతా గడ్డే. ఒక్కో గూటిలో డెబ్భై కోళ్ళు. అలాంటివి నాలుగు, నాలుగు గూళ్ళలో నాలుగు వయసులు. రోజూ పొద్దున్న దాణా వెయ్యకముందే ఒక్కో గూటినీ దాని పొడుగంత ముందుకు జరపాలి. నిన్నటి గడ్డి మీద రెట్ట ఉంటుంది, అది నేలకు బలం. ఇవాళ్టి గడ్డి మీద పురుగులుంటాయి, అవి కోడికి బలం. "మన ఒంటికి పట్టాలంటే ముందు దాని ఒంటికి పట్టాలి. దానికి పట్టాలంటే అది నడిచి తినాలి" అని బాబాయి నా కొట్లో నిలబడి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. ఆ మాంసం కొవ్వు పచ్చగా ఉంటుంది, ఎముక గట్టిగా ఉంటుంది, ఉడకడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది. ఒంట్లో బాగోలేనివాళ్ళ కోసమని ఎముకలు అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు.

గూటిని జరపడానికి ఇద్దరు కావాలి. బాబాయి ముందు, పిన్ని వెనక. నాలుగు వేళ్ళ ఎత్తు లేపి నడవాలి. ముందున్నవాడికి కావలసింది బలం. వెనకున్నవాళ్ళకు బలమూ కావాలి, కళ్ళూ కావాలి. ఆకలి మీదున్న కోళ్ళు కొత్త గడ్డి కోసం ముందుకు ఉరుకుతాయి గాని, ప్రతి గూటిలోనూ రెండు మూడు బద్ధకస్తులుంటాయి. అవి వెనక చట్రం కింద కాలు పెట్టి లోకం చూస్తూ నిలబడతాయి. పిన్ని "బా బా బా" అంటూ, చట్రం మోస్తూనే పాదంతో వాటిని తోస్తూ, చిన్న చిన్న అడుగులు వేసేది. పద్దెనిమిదేళ్ళు అలా నడిచారు. పద్దెనిమిదేళ్ళలో పిన్ని చేతికింద కాలు విరిగిన కోడి లేదు. ఇది నేను చెప్పేది కాదు, బాబాయి చెప్పేది. ఆయన తొందరగా ఎవర్నీ మెచ్చుకోడు.

పోయినేడు మా అమ్మ కంటికి ఆపరేషనైంది. పిన్ని వచ్చి మా ఇంట్లో వారం ఉంది. ఆ వారంలో బాబాయి వెల్డింగు ఆయన్ని పిలిపించుకుని నాలుగు గూళ్ళకూ చక్రాలు వేయించాడు. వెనక చట్రానికి రెండేసి చక్రాలు, వాటిని కిందకు దింపడానికి ఒక ఇనప మీట. మీట నొక్కితే వెనక భాగం దానంతటదే లేస్తుంది, ముందుకెళ్ళి ఒక్క మనిషి లాక్కుపోవచ్చు. సరే, వెనక కోళ్ళను చూసేదెవరు? దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. వెనక చట్రానికి లోపలివైపు ఖాళీ పెయింటు డబ్బాలు నాలుగు వేలాడదీశాడు. గూడు కదిలితే డబ్బాలు గలగలమంటాయి, ఆ చప్పుడుకు బద్ధకస్తులు కూడా ముందుకు పరిగెడతాయి.

పిన్ని తిరిగొచ్చిన పొద్దున ఆయన ఆమెను గట్టున నిలబెట్టి నాలుగు గూళ్ళూ పావుగంటలో ఒక్కడే జరిపి చూపించాడు. మొహం వెలిగిపోతోందట. చివరి గూడు దింపి, చేతులు దులుపుకుని, "చూశావా, ఇంక నువ్వు రానక్కర్లేదు" అన్నాడట.

ఇంత మంచి పని చేసి ఇంత చెడ్డ మాట ఎలా అనగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిన్ని గట్టు దిగింది. దాణా వేసింది. నీళ్ళు పోసింది. లోపలికెళ్ళి, ఇంకా విప్పని సంచీ అలాగే భుజాన వేసుకుని, అదే బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది.

"ఏమే, ఏమైనా మర్చిపోయావా?" అంది అమ్మ, కంటికి పచ్చ అద్దాలతో.

"నా బదులు నాలుగు ఖాళీ డబ్బాలు కట్టుకున్నాడక్కా మీ మరిది" అంది పిన్ని.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నోటిదాకా వచ్చింది గాని, పిన్ని మొహం చూసి మింగేశాను. ఆమె మా వంటగదిలో స్టూలు మీద కూర్చుని తన రెండు అరచేతులూ చూసుకుంటోంది. ఆ చేతుల్లో వేళ్ళ మొదట్లో కాయలు కాసి ఉన్నాయి. చట్రం పట్టుకునే చోట.

రెండు రోజులుండి పోతుందనుకున్నాం. రెండు వారాలైంది.

బుధవారం బాబాయి పెట్టెలు దింపడానికి వచ్చాడు. మామూలుగా పెట్టెలు దింపి, ఒక మంచి మాటో చెడ్డ మాటో అని వెళ్ళిపోయే మనిషి, ఆ రోజు కొట్లో ఉన్న ఒక్క కుర్చీలోనూ కూర్చోకుండా మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. మా ఇల్లు కొట్టు పైనే. పైన పిన్ని బీన్స్ తరుగుతోంది. ఆయన గొంతు వినబడగానే కత్తి చప్పుడు ఆగిపోయింది.

"పైకి వెళ్ళు బాబాయ్" అన్నాను.

"ఎందుకులే. పనుంది" అన్నాడు. కదల్లేదు. కాసేపటికి, "పైన కుర్చీలు ఎత్తువేనా?" అని అడిగాడు.

"ఏ కుర్చీలు?"

"కూర్చునే కుర్చీలే. మరీ కిందకుంటే లేవడానికి ఇబ్బంది."

ఎవరికి ఇబ్బందో నేనడగలేదు. ఏదో ఒకటి అడగాలని అడిగాడనుకున్నాను. నా తెలివి అప్పట్లో అంతే పనిచేసింది.

ఆయన వెళ్ళాక పైకెళితే పిన్ని కిటికీ దగ్గర నిలబడి ఉంది. "చిక్కాడా?" అంది. ఆయన ఎప్పుడూ పుల్లలాగే ఉంటాడు, ఇంక చిక్కడానికేముందని అన్నాను. "రెండో గూడు ఈపాటికి పైమూలకు వచ్చుంటుంది. అక్కడ గడ్డి పొట్టిగా ఉంటుంది, రోజుకు రెండుసార్లు జరపాలి. జరుపుతున్నాడో లేదో" అంది. అడిగి రమ్మంటావా అంటే, "నాకెందుకు" అంది.

నాకెందుకు అన్న మనిషి రోజూ అయిదింటికే లేచి కూర్చునేది. మా ఇంట్లో అయిదింటికి చేసే పనేమీ లేదు. గిన్నెలో నూకలు తీసుకుని వరండాలోకి వెళ్ళి, ఎదురు మేడ మీద పావురాలను "బా బా బా" అని పిలిచేది. పావురాలకేం తెలుసు, తల వంచి చూసేవే గాని వచ్చేవి కావు. ఆ గిన్నె పట్టుకుని ఆమె బస్సు వెళ్ళే దారికేసి చూస్తూ అక్కడే చాలాసేపు ఉండేది. నేను మంచం మీంచే చూసేదాన్ని. ఆ చూపు నేను మరిచిపోలేను. ఇల్లు ఉండి, మనిషి ఉండి, బస్సులో ముప్పావుగంట దూరం కూడా లేని చోటును అలా చూస్తారా ఎవరైనా?

తర్వాతి శనివారం బాబాయి గొంతు తగ్గించి, "చక్రాలు తీసేశానని చెప్పు. డబ్బాలు కూడా తీసేశాను" అన్నాడు. చెప్పేటప్పుడు సిగ్గుపడ్డాడు. అరవై మూడేళ్ళ మనిషి.

నాకు పట్టరాని సంతోషం వేసింది. మెట్లు రెండేసి ఎక్కి వెళ్ళి చెప్పాను. ఇంక సంచీ సర్దుకుంటుందనుకున్నాను. పిన్ని మొహంలో రంగు పోయింది. "ఎవరు తియ్యమన్నారు?" అంది. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. కుళాయి కింద ఏడిస్తే వినబడదని మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఒక నమ్మకం. అందరికీ వినబడుతుంది.

నాకు ఒళ్ళు మండింది. కావలసిందేమిటి ఈవిడకు? కాళ్ళు పట్టుకోవాలా? ఆ పూట నేను బాబాయి పక్షం.

ఆ పక్షంలోనే మర్నాడు పొద్దున్నే పచ్చికకు వెళ్ళాను. చక్రాలు లేవు, గూళ్ళు జరపాలంటే రెండో మనిషి కావాలి కదా. వెనక చట్రం నేను పట్టుకున్నాను. అది అంత బరువుంటుందని నాకు తెలియదు. బరువున్నది తొందరగా దింపెయ్యాలనిపిస్తుంది, తొందరగా దింపాలంటే తొందరగా నడవాలి. నడిచాను. మూడో గూడు దగ్గర ఒక అరుపు వినబడింది. కోడి అరుపది, సన్నగా. చట్రం కింద కాలు.

బాబాయి దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని కాలు సవరించి చూశాడు. ఆ కాలు పనికిరాదని ఆయన వేళ్ళు చెప్పాయి. నేను చచ్చినంత సిగ్గుపడి, తిట్టు బాబాయ్ అన్నాను.

"నువ్వు నీ నడక నడిచావు. వాటికి మీ పిన్ని నడక అలవాటు" అన్నాడు. కోడి రెక్కలు నిమురుతూ, "నాకూ" అన్నాడు.

కొట్టు మూసుకుని రోజూ వెళ్ళడం నాకు కుదరదు. సోమవారం వెళ్ళలేదు, మంగళవారమూ లేదు. బుధవారం పెట్టెలు రాలేదు. కొనేవాళ్ళు వచ్చి ఖాళీ బల్ల చూసి వెళ్ళిపోయారు. నేను కొట్టు మూసి బస్సెక్కాను.

పంపుహౌసు మలుపు తిరగ్గానే వాసన తగిలింది. ఆ నేల మీద అలాంటి వాసన ఏనాడూ లేదు. నాలుగు గూళ్ళూ ఆదివారం దింపిన చోటే ఉన్నాయి. వాటి కింద గడ్డి లేదు, నల్లటి ముద్ద ఉంది. కోళ్ళు దాని మీద నిలబడి, వలకు అవతల మూరెడు దూరంలో ఉన్న పచ్చికకేసి మెడలు చాచి చూస్తున్నాయి. బాబాయి పిల్లల గది గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఇదే వాసన. ఇరవై రెండేళ్ళు పీల్చింది. ఇలా అమ్మలేను, అందుకే పంపలేదు" అన్నాడు.

"చక్రాలు మళ్ళీ బిగించు బాబాయ్, మూడు రోజులైంది."

"బిగిస్తే మీ పిన్ని ఇంక రాదని నేనే ఒప్పుకున్నట్టు కదమ్మా."

"రాకపోతే?"

"రాకపోతే ఈ నేల వదిలేస్తాను. నేను ఒక్కణ్ణీ తినడానికి ఇంత పచ్చిక ఎందుకు?" అన్నాడు. తన పేరు మీద తానే వేసుకున్న ఆ ఎగతాళికి నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చేసరికి నా కోపం మళ్ళీ పక్షం మార్చుకోకుండా సరాసరి పిన్ని ముందు నిలబడింది. ఆమె కిటికీ పక్కనే కూర్చుని ఉంది.

"వస్తే వస్తానని చెప్పు, రాకపోతే రానని చెప్పు" అన్నాను. "నీ కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదనుకుంటున్నావేమో. తెల్లారుతుంది. కాకపోతే కంపు కొడుతూ తెల్లారుతుంది."

"నోరు అదుపులో పెట్టుకో" అంది అమ్మ.

పిన్ని మాత్రం ఒక్క మాటే పట్టుకుంది. "కంపా?"

"మూడు రోజులైంది గూళ్ళు కదిలించి. ఆయన చక్రాలు బిగించడట. నువ్వు రాకపోతే నేల వదిలేస్తాడట."

పిన్ని కిటికీ ఊచ పట్టుకుని లేచింది. మెల్లగా లేచింది. అదీ చూశాను, అదీ నాకు అర్థం కాలేదు. బెట్టు అనుకున్నాను.

"రేపు మొదటి బస్సుకు పోదాం" అంది.

గురువారం పొద్దున మేం వెళ్ళేసరికి బాబాయి మొదటి గూడు దగ్గర తడిగుడ్డతో వెనక చట్రం తుడుస్తున్నాడు. ఆమె వస్తుందని నేను కబురు పెట్టలేదు. రోజూ తుడుస్తున్నాడేమో. పిన్నిని చూసి గుడ్డ పక్కన పడేసి, ముందు వైపుకు వెళ్ళి నిలబడ్డాడు. ఎప్పటిలాగే మాకు వీపు పెట్టి.

పిన్ని గూటిలోకి చూసింది. కోళ్ళ కాళ్ళకు అంటుకున్న నల్లటి పిడచలు చూసింది. "పాపిష్టిదాన్ని" అని గొణుక్కుంది. వంగి చట్రం పట్టుకుంది.

"పట్టండి."

లేచింది గూడు. నేను పక్కనే ఉన్నాను గాని చెయ్యి వెయ్యలేదు, అది వాళ్ళ పని. పిన్ని "బా బా బా" అనగానే డెబ్భై కోళ్ళూ ఒక్కసారి తలెత్తాయి. బద్ధకస్తులు సైతం కదిలాయి. ఒకడుగు, రెండడుగులు. మూడు, నాలుగు, అయిదు. అక్కడ ఆగింది. పిన్ని ఊపిరి బిగబట్టి, ముందుగా చట్రం కింద చూసి, ఏ కాలూ లేదని రూఢి చేసుకుని, అప్పుడు దాన్ని నేలకు దింపింది. రెండు చేతులూ రేకు మీద ఆనించి అలాగే వంగి ఉండిపోయింది. నుదుటి మీద చెమట.

ముందు బాబాయి తన చివర ఇంకా పట్టుకునే ఉన్నాడు. తల తిప్పలేదు. "కోళ్ళన్నీ ముందుకొచ్చాయా?" అని అడిగాడు.

"కోళ్ళొచ్చాయి" అంది పిన్ని. "నేనే రాలేకపోతున్నానండీ."

ఆయన తన చివర మెల్లగా దింపాడు. గూడు చుట్టూ తిరిగి వచ్చాడు గాని మరీ దగ్గరకు రాలేదు, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీ నడుం సంగతి. పోయిన వానల నుంచీ తెలుసు. లేచేటప్పుడు తలుపు పట్టుకుంటావు. నేను చూస్తే ఆ తలుపు తుడుస్తున్నట్టు నటిస్తావు. మనింట్లో ఆ ఒక్క తలుపే అద్దంలా ఉంది."

పిన్ని నవ్వబోయింది. నవ్వుకు నడుం పట్టేసి మొహం చిట్లించింది.

"తెలిసినప్పుడు అడగొచ్చుగా."

"అడిగితే ఏం లేదంటావు. ఏం లేదని చూపించడానికి ఇంకా బరువెత్తుతావు. అందుకని చక్రాలు."

"చక్రాలు సరే. డబ్బాలెందుకు కట్టారు? ఎత్తలేకపోయినా వెనక నడవగలను కదా. రానక్కర్లేదన్నారు."

బాబాయి ఇందాక పడేసిన తడిగుడ్డ తీసి మడత పెట్టాడు. "చక్రాలు బాగా తిరిగాయని సంతోషం. ఆ సంతోషంలో నోరు జారింది. నువ్వు బస్సెక్కాక గాని ఏమన్నానో నాకే తెలియలేదు" అన్నాడు. "డబ్బాల చప్పుడుకు కోళ్ళు భయపడి పరిగెడతాయి. నీ వెంటయితే నడుస్తాయి. ఆ తేడా నాకు తెలియక కాదు."

"చక్రాలు తీసేశారని విన్న రోజు ఏడ్చాను" అంది పిన్ని. "ఇంక వచ్చి ఎత్తాలి కదా. ఎత్తలేకపోతే ఏం చెప్పను? మీ మీద కోపంగా ఉందని చెప్పడం తేలిక."

ఇన్నాళ్ళూ కోపమని నేను మోసింది భయమన్నమాట. పక్షాలు పట్టి తిరిగినదాన్ని, ఇద్దరి మధ్యా ఏం జరుగుతోందో నాకు ఒక్క రోజు కూడా తెలియలేదు.

"నాకింకా ఎత్తాలనే ఉంది" అంది పిన్ని. "అయిదింటికల్లా చేతులు వాటంతటవే లేచి కూర్చుంటున్నాయి. పద్దెనిమిదేళ్ళు మీరు ముందు, నేను వెనక. మీ మొహం కంటే మీ వీపే ఎక్కువ చూశాను. నాకదే కావాలనుంది."

బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"చక్రాలెక్కడ పెట్టారు?" అని ఆమే అడిగింది.

"పిల్లల గదిలో."

"తీసుకురండి. వీటిని ఇంకో పూట ఇలా ఉంచకూడదు."

ఆయన కదల్లేదు. "తెస్తే ఉంటావా?"

"ఉండక ఎక్కడికి పోతాను? వెనక ఎవరో ఒకరు నడవాలిగా. ఆ డబ్బాలు మాత్రం నా కంటికి కనబడనివ్వకండి."

బాబాయి వెళ్ళాడు. వేగంగానే వెళ్ళాడు, ఆ వయసుకు పరుగనే చెప్పాలి. సగం గూడు కొత్త గడ్డి మీద, సగం నల్లటి నేల మీద ఉంది. కోళ్ళన్నీ ముందు సగంలో ఒకదాన్నొకటి తోసుకుంటూ మేస్తున్నాయి. నేను పిల్లల గది వైపు నడిచాను, చక్రాలు బరువుంటాయి కదా, సాయం పడదామని. పది అడుగులు వేసి ఎందుకో వెనక్కి చూశాను.

పిన్ని మళ్ళీ వంగి ఉంది. రెండు చేతులతో చట్రం పట్టుకుని, పెదవి కొరుకుతూ, ఒక్కత్తే లేపడానికి చూస్తోంది. చట్రం లేవలేదు. ఇంకోసారి చూసింది. వేలెడు కూడా లేవలేదు. అప్పుడు తలెత్తి నన్ను చూసింది. చూడగానే అరచేత్తో ఆ చెక్కను ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడవడం మొదలుపెట్టింది.

"మట్టి అంటుకుంది" అంది.

మట్టేమీ లేదు. బాబాయి అప్పుడే తుడిచాడు. ఆ మాట నేననలేదు.